విగ్రహానికి దండ, కొండకు లీజు

నర్సీపట్నంలో బస్సెక్కి గొలుగొండ మీదుగా కృష్ణదేవిపేటకు పోయేవారికి మన పాలకుల విచిత్రం ఒకటి దారిలోనే బోధపడుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. సంతోషమే. కాని అల్లూరి సమాధి ఉన్న కృష్ణదేవిపేట గొలుగొండ మండలంలో ఉంది. గొలుగొండ అనకాపల్లి జిల్లాలోకి పోయింది. పేరు ఒక జిల్లాకు, బూడిద మరొక జిల్లాకు దక్కాయి. ఇది గీత గీసిన గుమాస్తా పొరపాటు అని ఎవరైనా అంటే ఈ వ్యాసకర్త వాదించడు. అయితే గత యాభై ఏళ్ళుగా మన రాజకీయ పక్షాలూ, మన సినిమాలూ, కొంతవరకు మన సాహిత్యమూ అల్లూరి విషయంలో చేసిన పని సరిగ్గా ఇదే. మనిషిని కొండ నుంచి విడదీసి, మనిషిని తమ దగ్గర ఉంచుకుని, కొండను మరొకరికి రాసిచ్చాయి.

ఈ విడదీయడం ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే మొదట 1922 నాటి ఒక కుంభకోణం దగ్గరకు పోవాలి. అవును, మన్యం పితూరీకి ముందు ఒక కుంభకోణం ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాటు రోడ్డు వేయించే పని గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ చేతిలో ఉండేది. గిరిజనులను బలవంతంగా పనికి తోలి, ఇవ్వవలసిన కూలి ఎగ్గొట్టి, ఆ పనిలో అతను సొమ్ము చేసుకున్నాడు. గాం గంటందొర, మల్లుదొర సోదరులకు అతనితో వచ్చిన తగవు ఆ రోజుల్లోదే. అతని మీద ఫిర్యాదులు పోయాయి. ఇక్కడి వరకు ఇది మనకు బాగా తెలిసిన కథే. ఒక అవినీతి అధికారి, ఒక కాంట్రాక్టు, కొన్ని అర్జీలు. ఆ కథ అక్కడే ఆగిపోయి ఉంటే ఏమయ్యేది? బాస్టియన్‌ను మరో తాలూకాకు బదిలీ చేసేవారు. అతని స్థానంలో కాస్త మర్యాదస్తుడైన మరో అధికారి వచ్చేవాడు. రోడ్డు మాత్రం ఆగేది కాదు.

అల్లూరి గొప్పతనం కుంభకోణం దగ్గర ఆగకపోవడంలో ఉంది. కూలి ఎవడు మింగాడన్న ప్రశ్న నుంచి, అసలు ఈ రోడ్డు ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఆయన గిరిజనులతో కలిసి నడిచాడు. ఆ ప్రశ్న వెనక 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఉంది, పోడు మీద నిర్బంధం ఉంది. చెట్టుకు కల్లు గీసుకుంటే పన్ను కట్టమన్నందుకు 1879లో రంపలో లేచి గొలుగొండ కొండలదాకా పాకిన పితూరీ జ్ఞాపకం ఉంది. అందుకే 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద పడినప్పుడు వాళ్ళు బాస్టియన్ కోసం వెతకలేదు. తుపాకులు తీసుకుపోయారు. ఎన్ని తీసుకుపోయిందీ రాజు రాసిపెట్టి మరీ వెళ్ళాడంటారు. అవినీతి మీద కోపం, వ్యవస్థ మీద తిరుగుబాటుగా మారిన క్షణం అది. మన ఈనాటి పార్టీ రాజకీయాల పని దీనికి పూర్తిగా తలకిందులు. అవి వ్యవస్థ మీద రావలసిన కోపాన్ని పట్టి వెనక్కి లాగి, మళ్ళీ బాస్టియన్ దగ్గర కట్టేస్తాయి. నీ బాస్టియన్ దొంగా, నా బాస్టియన్ దొంగా అన్నదే మన శాసనసభల చర్చ.

ఇక సినిమా సంగతి. సినిమాను గంభీరమైన విమర్శకు తగని వస్తువుగా భావించే పెద్దలు మనలో ఉన్నారు. కాని తెలుగువాడికి అల్లూరి ముఖం కృష్ణ ముఖంగా స్థిరపడిపోయిందన్న మాట మరువరాదు. 1974 మే 1న విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రాన్ని చింతపల్లి అడవుల్లో తీశారు. అందులో శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. ఆ చిత్రానికి ఉన్న బలాన్ని కాదనలేం. శత్రువు ఎవరో అది స్పష్టంగా చెప్పింది. కాని ఆ సంవత్సరాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. 1970 జూలైలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం శ్రీకాకుళం కొండల్లో చంపబడ్డారు. ఆ అణచివేత కాలంలో హోం మంత్రిగా ఉన్న జలగం వెంగళరావు 1974 నాటికి ముఖ్యమంత్రి. తెర మీద కొండజనం తుపాకి పడితే హాలంతా ఈలలు. తెర బయట పడితే కాల్చివేత. ఆ వైరుధ్యం ఆ ప్రభుత్వాన్ని ఏమీ ఇబ్బంది పెట్టలేదు. తెర మీది తిరుగుబాటు సురక్షితంగా తెల్లదొర మీదిది కదా! (పితూరీ వీరుడుగా వేసిన కృష్ణ 1989లో ఏలూరు నుంచి కాంగ్రెసు ఎంపీ అయ్యాడు. రూథర్‌ఫర్డుగా వేసిన జగ్గయ్య అంతకు ముందే, 1967లో ఒంగోలు నుంచి కాంగ్రెసు ఎంపీ. వీరుడికీ దొరకూ ఒకే పార్టీలో చోటు దొరకడం నటుల తప్పు కాదు, ఆ పార్టీ విశాల హృదయం.)

1974 నుంచి 2022కు వస్తే చిత్రం మరీ మారిపోయింది. ‘ఆర్‌.ఆర్‌.ఆర్‌.’లో అల్లూరి పోలీసు అధికారి. ఠాణాల మీద దాడి చేసిన మనిషికి ఖాకీ తొడిగారు. ఇది కల్పిత కథ అని నిర్మాతలు ముందే చెప్పుకున్నారు, ఊరికి తుపాకులు చేర్చడానికే అతడు ఆ ఉద్యోగంలో దూరాడని కథ కూడా సంజాయిషీ ఇచ్చుకుంది. ఒప్పుకుందాం. కల్పనకు స్వేచ్ఛ ఉండవలసిందే. అయితే కల్పన ఏ వైపుకు ఒరిగిందన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. చివరికి వచ్చేసరికి ఖాకీ పోయి కాషాయం వస్తుంది. అడవిలో రాముడి విగ్రహం దగ్గరి విల్లు అందుకుని అతడు సాక్షాత్తు కోదండరాముడై నిలుస్తాడు. గోండు వీరుడు కొమురం భీము అతని ప్రక్కన నిలబడి, చివర్లో వరం కోరుకోమంటే అక్షరాలు నేర్పమని అడుగుతాడు. జోడేఘాట్‌లో నిజాం పోలీసులతో పోరాడి 1940లో నేలకొరిగిన మనిషి ఇక్కడ శిష్యుడైపోయాడు. గిరిజనుడికి ధైర్యం ఉంది, కండ ఉంది. బుద్ధి మాత్రం బయటినుంచి రావాలి! ఈ భావం కొత్తది కాదు. మన్యంలో అడుగుపెట్టిన ప్రతి తహశీల్దారూ ఇదే అనుకున్నాడు.

పోలీసు వేషం గురించి మరొక్క మాట. ఈ మన్యంలో పోలీసు అన్న మాటకు చరిత్ర ఉంది. 2007 ఆగస్టు 20న వాకపల్లిలో గ్రేహౌండ్స్ దళం తమమీద అత్యాచారం చేసిందని 11 మంది కోదు స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో న్యాయస్థానం నిందితులందరినీ విడుదల చేస్తూ దర్యాప్తులోని లోపాలను ఎత్తిచూపింది, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. అంటే నేరం మోపబడ్డవారు ఇళ్ళకు పోయారు, దర్యాప్తు సరిగా చేయనివారు ఎప్పుడూ బోనులో లేరు. ఆ స్త్రీలు పదహారేళ్ళు కోర్టు చుట్టూ తిరిగిన కాలంలోనే, ఆ కొండల వీరుడికి ఖాకీ కుట్టారు.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. అల్లూరి నిజంగానే సన్యాసి కదా, గడ్డం పెంచి జపతపాలు చేసినవాడు కదా, కాషాయం అంటే మీకెందుకు ఉలుకు అని అడుగుతారు. నిజమే. ఆయన భక్తిని దాచిపెట్టి ఆయన్ను మన పుస్తకాల్లోని విప్లవకారుడుగా చిత్రించాలని చూసిన అభ్యుదయవాదులు కూడా చరిత్రకు అన్యాయమే చేశారు. ఆయన ఖద్దరు కట్టమన్నాడు, తాగుడు మానమన్నాడు, తగవులు పంచాయితీలో తీర్చుకోమన్నాడు; ఇవన్నీ గాంధీ మాటలు. అయినా హింస అన్న ఒక్క విషయంలో గాంధీని దాటిపోయాడు. ఈ మూడు పాయలూ ఒకే మనిషిలో ఉన్నాయి. వాటిలో ఒక్క పాయను తీసి జెండాకు రంగు వేసుకోవడమే ఇప్పుడు జరుగుతున్నది. 2022 మార్చిలో ఆ సినిమా వచ్చింది. ఏప్రిల్‌లో జిల్లా వచ్చింది. జూలై 4న భీమవరంలో ప్రధాని నరేంద్ర మోదీ 30 అడుగుల కంచు విగ్రహాన్ని ఆవిష్కరించాడు. వేదిక మీద ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఉన్నాడు. జూలై 6న ఆ సినిమా కథారచయిత విజయేంద్ర ప్రసాద్‌ను రాజ్యసభకు నామినేట్ చేశారు. ఇందులో కుట్ర వెతకనక్కరలేదు. గాలి ఎటు వీస్తుందో తెలియడానికి తేదీలు చాలు. భీమవరం డెల్టాలో ఉంది. అక్కడ కొండలు లేవు, కాబట్టి కొండల గురించి మాట్లాడవలసిన ఇబ్బందీ లేదు.

కొండల గురించి వేదికల మీద కాక కాగితాల మీద ఏమి జరిగిందో చూద్దాం. 1997 జూలైలో ‘సమత’ కేసులో సుప్రీం కోర్టు ఒక గొప్ప తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతర ‘వ్యక్తి’ కిందికే వస్తుంది, కాబట్టి ప్రైవేటు కంపెనీకి గని లీజు ఇవ్వరాదు అన్నది. దాని వెనక 1/70 చట్టం ఉంది. ఆ తీర్పు వచ్చిన నాటినుంచి మన పాలకులకు నిద్ర లేదు. దాన్ని ఎలా చుట్టిరావాలన్నదే వాళ్ళ పరిశోధన అయింది. 2005లో రాజశేఖర రెడ్డి ప్రభుత్వం జిందాల్ సంస్థతో, 2007లో రస్ అల్ ఖైమా అనే గల్ఫు రాజ్యంతో ఒప్పందాలు కుదుర్చుకుంది. ఉపాయం సులువైనది. తవ్వేది ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ, ఖనిజం వెళ్ళేది కంపెనీ ఫ్యాక్టరీకి. చట్టం అక్షరం బ్రతికింది, ప్రాణం పోయింది. నర్సీపట్నం ప్రక్కన మాకవరపాలెం మండలంలో ఆన్‌రాక్ శుద్ధి కర్మాగారం లేచి నిలబడింది, కొండలోనుంచి బాక్సైటు ఒక తట్ట కూడా రాకముందే.

అప్పుడు తెలుగుదేశం ప్రతిపక్షం. 2011లో చంద్రబాబు నాయుడు గవర్నరుకు లేఖ రాసి బాక్సైటు లీజులను రద్దు చేయమన్నాడు. గిరిజనుల హక్కుల గురించి ఆ రోజుల్లో ఆ పార్టీ చెప్పిన మాటల్లో మనం వ్యతిరేకించవలసింది ఒక్కటీ లేదు. 2014లో అధికారం వచ్చింది. 2015 నవంబరు 5న ఆ ప్రభుత్వమే జి.ఓ. 97 ఇచ్చింది. చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్లు ఖనిజాభివృద్ధి సంస్థకు! నాలుగేళ్ళలో లేఖ తిరగబడి జి.ఓ. అయింది. మన్యం భగ్గుమంది. జి.ఓ.ను ప్రక్కన పెట్టవలసి వచ్చింది. ఆ డిసెంబరులో జగన్‌మోహన్ రెడ్డి చింతపల్లికి వచ్చి సభ పెట్టి బాక్సైటును వ్యతిరేకించాడు. ఆ ఒప్పందాలు మొదలుపెట్టినది తన తండ్రి ప్రభుత్వమే అన్న సంగతి ఆ సభకు పెద్దగా అడ్డు రాలేదు. 2019లో గెలిచాక జి.ఓ. 97ను రద్దు చేశాడు. చేసిన మంచిని చేయలేదనడం విమర్శ కాదు. కాని ఆ ప్రభుత్వమే 2022లో అనంతగిరి మండలం పెదకోట దగ్గర జలవిద్యుత్ ప్రాజెక్టును అదానీ సంస్థకు కేటాయించింది. గని కాకపోతే నీరు.

2021లో మన దగ్గరి నాతవరం మండలంలో, సరుగుడు, భమిడిక ప్రాంతంలో లేటరైటు తవ్వకం మీద రేగిన రగడ ఈ నాటకంలో మహా రసవత్తర ఘట్టం. లేటరైటు పేరుతో బాక్సైటు తవ్వుకుపోతున్నారని తెలుగుదేశం ఆరోపించింది. కాదు, లేటరైటే అని ప్రభుత్వం బల్లగుద్దింది. అడవిలో వేసిన రోడ్డు సంగతి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. మళ్ళీ రోడ్డే, గమనించారా! వందేళ్ళ తర్వాత, ఆ తాలూకాలోనే. కాని ఈసారి వివాదం అంతా రాయిలో అల్యూమినియం శాతం ఎంత అన్న దగ్గర తిరిగింది. బాక్సైటు అయితే కుంభకోణం, లేటరైటు అయితే అభివృద్ధి. రాయి ఏదైనా కొండ పోతుందిగదా, ఊట ఆగిపోతుందిగదా అన్న ప్రశ్న ఏ పార్టీ నోట రాలేదు, వామపక్షాలవీ, గిరిజన సంఘాలవీ తప్ప. ఆ గొంతులకు ఓట్లు తక్కువ.

ఇది మన ఒక్కరి రోగం కాదు. 1998 డిసెంబరులో అమెరికా ప్రతినిధుల సభ బిల్ క్లింటన్‌ను అభిశంసించింది. ఒక స్త్రీతో తన సంబంధం గురించి ప్రమాణం చేసి చెప్పిన అబద్ధమూ, న్యాయవిచారణకు అడ్డుపడటమూ అతని మీద మోపిన నేరాలు. నీతి బోధించిన రిపబ్లికన్లలో స్పీకరు కావలసిన లివింగ్‌స్టన్ తన అక్రమ సంబంధం బయటపడి ఆ నెలలోనే తప్పుకున్నాడు. ఏడాది పొడుగునా రెండు పార్టీలూ బద్ధశత్రువుల్లా కొట్టుకున్నట్టు కనిపించాయి. 1999 నవంబరులో, 1933 నుంచి సాధారణ బ్యాంకులను షేర్ల జూదం నుంచి వేరుగా ఉంచిన చట్టాన్ని ఎత్తివేసే బిల్లు వచ్చింది. సెనేటులో 90 ఓట్లు అనుకూలం, 8 వ్యతిరేకం. క్లింటన్ సంతకం పెట్టాడు. పడకగది దగ్గర రెండుగా చీలిన సభ బ్యాంకు దగ్గర ఒక్కటైంది. అంతకు ముందు, 1996లో, పేదలకిచ్చే సంక్షేమాన్ని కత్తిరించే చట్టం మీదా డెమోక్రాట్ అయిన ఈ క్లింటనే సంతకం చేశాడు. కుంభకోణం మనుషులను దించుతుంది. విధానం మాత్రం కుర్చీలోనే ఉంటుంది, కుడివైపుకు మరికాస్త సర్దుకుని.

ఆ క్లింటన్ 2000 మార్చి 24న హైదరాబాదు వచ్చాడు. చంద్రబాబు ఎదురేగి తన కంప్యూటర్ల రాష్ట్రాన్ని చూపించాడు. ఆ జూలైలో కేంద్ర గనుల శాఖ, ‘సమత’ తీర్పును తప్పించుకోవడానికి అయిదవ షెడ్యూలునే సవరించాలన్న రహస్య పత్రం తయారుచేసింది. కేంద్రంలో ఉన్నది వాజపేయి ప్రభుత్వం, దాని ఊతకర్ర తెలుగుదేశం. ఆగస్టు 28న, ప్రపంచ బ్యాంకు సంస్కరణల్లో భాగంగా పెంచిన విద్యుత్ ఛార్జీలకు వ్యతిరేకంగా వచ్చినవారి మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. మార్చిలో ఆతిథ్యం, జూలైలో పత్రం, ఆగస్టులో తూటా. ఈ మూడూ వేర్వేరు వార్తలుగా మన పత్రికల్లో వేర్వేరు పేజీల్లో పడ్డాయి.

కుడివైపు జారడం అంటే ఒక పార్టీ జెండా మార్చుకోవడమని మనం తరచు పొరబడతాం. 1998లో ఐక్య సంఘటనకు కన్వీనరుగా ఉంటూనే చంద్రబాబు వాజపేయి వైపుకు వెళ్ళాడు. 2002లో గుజరాత్ మారణకాండ మీద మోదీని తొలగించమని తెలుగుదేశం గొంతెత్తింది. లోక్‌సభలో ఓటు వేయవలసి వచ్చినప్పుడు సభలో లేదు. ఆ తరువాత విడిపోవడం, 2014లో కలవడం, 2018లో విడిపోయి మోదీని దుమ్మెత్తి పోయడం, 2024లో మళ్ళీ కలవడం. ఈ రాకపోకలను చూసి నవ్వుకోవచ్చు. కాని అసలు విషయం విడిపోయి ఉన్నప్పుడు ఏమి చేశారన్నది. 2019 ఆగస్టులో 370 అధికరణం మీద, డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లు మీద, రాష్ట్రంలో ఒకరి ముఖం ఒకరు చూడని తెలుగుదేశం, వై.ఎస్‌.ఆర్‌. కాంగ్రెసు ఢిల్లీలో ఒకే మీట నొక్కాయి. రెండూ ఆ నాటికి బి.జె.పి. కూటమిలో లేవు. పొత్తు లేకుండానే ఓటు దొరుకుతుంటే పొత్తు ఎవడికి కావాలి?

మన అనకాపల్లి నియోజకవర్గమే చాలు ఉదాహరణకు. నర్సీపట్నం, గొలుగొండ అందులోవే. 2018 నవంబరులో బి.జె.పి. రాజ్యసభ సభ్యుడు జి.వి.ఎల్‌. నరసింహారావు తెలుగుదేశం ఎంపీలు సుజనా చౌదరి, సి.ఎం. రమేష్‌లను ‘ఆంధ్రా మాల్యాలు’ అని దూషించి, వారి మీద రాజ్యసభ నైతిక విలువల కమిటీకి ఫిర్యాదు చేశాడు. 2019 జూన్ 20న ఆ ఇద్దరూ, మరో ఇద్దరితో కలిసి బి.జె.పి.లో చేరారు. ఏడు నెలలు కూడా నిండలేదు. ఆ ఆరోపణ నిజమో అబద్ధమో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. నిజమైతే చేర్చుకోవడం ఏమిటి, అబద్ధమైతే క్షమాపణ ఏది అన్నది మాత్రం ఏ ఓటరైనా అడగవచ్చు. 2024లో సి.ఎం. రమేష్ బి.జె.పి. అభ్యర్థిగా అనకాపల్లి నుంచి లోక్‌సభకు గెలిచాడు. కృష్ణదేవిపేట సమాధికి ఇప్పుడు ఢిల్లీలో ప్రతినిధి ఆయనే. 1952లో మొదటి ఎన్నికల్లో ఈ విశాఖ ప్రాంతం నుంచి స్వతంత్రుడుగా గెలిచి లోక్‌సభకు పోయినవాడు గాం మల్లుదొర. పితూరీలో పట్టుబడి అండమాను శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొరే. ఆ ఎన్నికకూ ఈ ఎన్నికకూ మధ్య జరిగిన ప్రయాణాన్ని ఏ తెలుగు నవలాకారుడూ ఇంకా రాయలేదు.

ఇది మన వైపు వేలు చూపించుకోవలసిన చోటు. అల్లూరి మీద మనవాళ్ళు రాసిన గేయాలు, బుర్రకథలు, నాటకాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో గంటందొర ఎంత? మల్లుదొర ఎంత? కూలి ఎగ్గొట్టబడిన ఆ కొండదొర స్త్రీ ఎక్కడ? మనమూ వీరుడినే చూశాం, మైదానం నుంచి వెళ్ళిన క్షత్రియ యువకుడినే చూశాం, ఎందుకంటే రాసిన మనమూ మైదానం వాళ్ళమే. ఈ ఖాళీ మనం ఉంచినదే. అందులోకి విల్లు పట్టిన రాముడు సులువుగా నడిచివచ్చాడు. మన గేయంలో గిరిజనుడు బృందగానం పాడేవాడు, వాళ్ళ సినిమాలో శిష్యుడు. తేడా ఉందనడానికి మనకు గొంతు పెగలాలి.

కృష్ణదేవిపేటలో సమాధి చూసి వెనక్కి వస్తూ గొలుగొండలో టీ కోసం దిగితే, ప్రక్క బెంచీ మీద కూర్చున్న ఒక గిరిజన పెద్దాయన అడిగాడు: “బాబూ, ఆ జిల్లావోళ్ళకి 1/70 ఉంది. మాకెందుకు లేదు?” గొలుగొండ, నాతవరం, రావికమతం మండలాల్లో కొండ అంచున ఉన్న గిరిజన గ్రామాలు ఎన్నో నాన్‌షెడ్యూల్డు గ్రామాలుగా మిగిలిపోయాయి. వాళ్ళూ ఆ తెగలవాళ్ళే, ఆ పోడే కొడతారు, కాని అయిదవ షెడ్యూలు గీత వాళ్ళ ఊరి ముందే ఆగిపోయింది. 1/70 చట్టం వారికి వర్తించదు, ‘సమత’ తీర్పు వారి కొండకు కాపలా కాయదు. చేర్చమని అర్జీలు పెడుతూనే ఉన్నారు. అన్ని పార్టీలూ అర్జీలు తీసుకుంటూనే ఉన్నాయి. పెద్దాయనకు నేను చెప్పిన జవాబు ఆయనకు నచ్చలేదు. టీ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనివ్వలేదు.